ముందే పెట్టిన రాయి

పోయిన వారం ఆర్యపల్లి సంఘం నుంచి కొత్త పాస్టరుగారు ఫోను చేశారు. మందిరానికి ముందు వరండా వేస్తున్నారట. గోడ పక్కన పోగుపడి ఉన్న రాళ్ళను పునాదిలోకి తోసేయమంటారా అని మేస్త్రీ అడుగుతున్నాడట. సంఘంలో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతున్నారు, మిమ్మల్ని అడగమన్నారు, అసలు ఈ రాళ్ళేమిటమ్మా అన్నారు.

యొర్దాను దాటినవాళ్ళు నది మధ్య నుంచి రాళ్ళు మోసుకొచ్చి ఒడ్డున నిలబెట్టారు. ఇవి ఏమిటని రేపు మీ పిల్లలు అడిగితే జరిగింది చెప్పాలని వాళ్ళకు ఆజ్ఞ. మా ఆర్యపల్లిలో ఆ ప్రశ్న అడిగింది పిల్లలు కాదు, మేస్త్రీ. అవి ఒక మనిషి చెప్పిన సాక్ష్యాలు, కదపకండి అన్నాను. ఆయన మంచివాడు, వరండాను అటువైపు కాస్త తగ్గిస్తామన్నారు. ఆ మనిషి గురించి మాత్రం ఫోనులో చెప్పలేకపోయాను. ఆమె చనిపోయి ఏడాది దాటింది.

ఆమె చేపలు అమ్మేది. సంఘంలో ఆడవాళ్ళందరికీ అప్ప, అంటే అక్క. నేను ఒడిశాలోని బరంపురంలో బడి పంతులమ్మను. ఆదివారం మధ్యాహ్నాలు సముద్రం ఒడ్డునున్న ఆర్యపల్లి వెళ్ళి స్త్రీల సమాజంలో వాక్యం చెప్పేదాన్ని. అక్కడ నేను చెబితే ఆమె వినేది. వారంలో మిగతా రోజులు ఆమే మా వీధికి వచ్చేది. గంప అరుగు మీద దించి, రెండు చేతులూ నడుము మీద వేసుకుని వెనక్కి విరుచుకుని, "వందనాలు టీచరమ్మా" అన్నాకే చేప పేరు చెప్పేది. వందనం చెప్పనివాళ్ళకు ఆవేళ మంచి చేప దొరకదని మా వీధిలో నవ్వుకునేవాళ్ళు. మా ఎదురింటి శాస్త్రిగారి కోడలు చేపలు కొనకపోయినా "వందనాలు మాఉసీ" అని, ఒడియాలో పిన్నిని పిలిచినట్టు పలకరించేది. ఆ పిల్లకు మాత్రం గంపలోంచి గవ్వలు తీసి ఇచ్చేది.

చేపలు అయిపోయాక ఆ గంపలో ఒక్కోసారి రాయి ఉండేది.

చాలా కాలం క్రితం ఆ సంఘంలో పనిచేసిన ఓ వృద్ధ పాస్టరుగారు సమూయేలు రాయి గురించి చెప్పారు. శత్రువుల చేతిలోంచి తప్పించిన చోట సమూయేలు ఒక రాయి నిలబెట్టి, దానికి సహాయపు రాయి అని పేరు పెట్టాడు, ఇక్కడి దాకా మనల్ని తెచ్చింది దేవుడే అన్నాడు. వినేవాళ్ళంతా తలలూపి ఇళ్ళకు వెళ్ళారు. ఆమె మాత్రం మరుసటి ఆదివారం చీర కొంగులో రాయి కట్టుకుని వచ్చింది. సాక్ష్యాల సమయంలో లేచి, తన మొగుడు తాగుడు మానేశాడని చెప్పి, బయటికి నడిచి, గోడ పక్కన రాయి పెట్టి వచ్చి కూర్చుంది.

నెల తిరక్కుండానే మొగుడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఇప్పుడా రాయి సంగతేమిటని ఆడవాళ్ళు ఏడిపించారు. ఆమె దగ్గర జవాబు ఉంది. "మానీసినాడా నేదా? మానిపించినాడు దేవుడు. మల్లీ తాగినాడంటే అది ఆడి పాపం. ఆడి పాపానికి దేవుడి రాయెందుకు తీస్తాను?"

అదొక పద్ధతి అయిపోయింది. మిగతావాళ్ళు లేచి స్తోత్రం చెప్పి కూర్చుంటారు. ఆమె రాయితో చెబుతుంది. ఆర్యపల్లిలో ఎటు చూసినా ఇసుకే, గోరంత రాయి కావాలన్నా బయటి నుంచి రావాలి. రైలు పట్టాల పక్క కంకర బోలెడంత ఉంటుంది గానీ అది రైలోళ్ళదట, దొంగరాయి సాక్ష్యం చెప్పదట. క్రషరు దగ్గర కుప్పలు ఉంటాయి గానీ వాటికి ఇనుము తగిలింది. బలిపీఠానికి ఉలి తగలని రాళ్ళే వాడమన్నారని నేనే ఒక ఆదివారం చెప్పాను, అది గట్టిగా పట్టుకుంది. అందుకని తిరిగి వెళ్ళేటప్పుడు దారిలో బస్సు దిగి, కొండవాలు దాకా నడిచి, పడి ఉన్న రాళ్ళలో వెతికేది. ఒకదాన్ని ఎత్తి, తిప్పి, మట్టి దులిపి, వాసన కూడా చూసి, నచ్చకపోతే ఎక్కడిది అక్కడే పెట్టేది. విసిరేది కాదు.

బస్సు కండక్టరు ఒడియావాడు. గంప ఎక్కించేటప్పుడు బరువు చూసి, "మాఉసీ, మాఛొ నా పొథొరొ?" అని అడిగేవాడు. చేపా, రాయా అని. చేపయితే లగేజీ పడుతుంది. చేపలు అమ్ముడైపోయాయి, ఇది ప్రభువుది అని ఆమె ఒడియాలోనే చెప్పేది. అయితే మీ ప్రభువునే టిక్కెట్టు తీసుకోమను అనేవాడు అతను. బస్సంతా నవ్వేది, ఆమె కూడా.

పక్కింటివాళ్ళు హిందువులు. మేం రాయికి మొక్కితే మీవాళ్ళు వద్దంటారు, నువ్వేమో రాళ్ళు పోగేస్తున్నావు, ఇదేం న్యాయమే అని దెప్పేవాళ్ళు. మా సంఘ పెద్దలకూ అదే బెంగ. ఒకసారి కమిటీలో ఆ కుప్ప తీసేద్దామనే మాట కూడా వచ్చింది. పిలిపించి అడిగితే ఆమె, "నాను రాయికేటీ సెప్పను బాబూ. రాయే నాకు సెప్తాది. నాను మరిసిపోతాను గదా" అంది. దాంతో ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

మేలు ఎంతో రాయీ అంతే. మేక కోలుకుంటే గుప్పిట్లో పట్టే రాయి. కొడుకు పసివాడిగా ఉన్నప్పుడు జ్వరంతో కళ్ళు తేలేసి, చివరికి బతికినందుకు పెద్ద బండ. దాన్ని బస్సులోంచి దించడానికి కండక్టరూ ఒక చెయ్యి వేశాడు. మందిరానికి వచ్చిన పిల్లలు దాని మీదే కూర్చునేవాళ్ళు. మొగుడు చనిపోయినప్పుడు రాయి పెట్టలేదు. కష్టానికి రాయేమిటి అంది. ఆ తర్వాత ఇంట్లో తనూ కొడుకూ మిగిలారు.

వాడి గురించి ఆమె స్త్రీల సమాజంలో చెప్పిన ముచ్చట ఒకటుంది. ఆవేళ నేను చెప్పిన వాక్యం, కొడుకు రొట్టె అడిగితే ఏ తండ్రయినా రాయి ఇస్తాడా, చేప అడిగితే పాము ఇస్తాడా అన్నది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఏమిటంటే, చిన్నప్పుడు వాడు బరంపురం బన్ను కోసం ఎదురుచూసి గంపలో చెయ్యి పెడితే రాయి తగిలిందట. ఏడుపు లంకించుకున్నాడట. "తండ్రివ్వడేమో గానీ ఈ తల్లి ఇచ్చీసింది టీచరమ్మా" అంది. అందరం నవ్వాం. మరునాడు రెండు బన్నులు తెచ్చి ఇచ్చానని కూడా చెప్పింది.

మా విశ్వాసంలో రాళ్ళకు కొదవలేదు. యాకోబు తలకింద పెట్టుకుని కలగన్నది రాయి. ఎడారిలో దాహం తీర్చింది బండ. కట్టేవాళ్ళు పనికిరాదని పారేస్తే మూలకు తలరాయి అయినది రాయి. దేవుడు మన బండ అని నేను ఎన్నిసార్లు చెప్పానో. ఆమె ఒకసారి చెయ్యెత్తి, సముద్రం మీద బతికేవాళ్ళకు బండ అంటే భయం, పడవ పగిలేది దానికే కదా అంది. మాకు పనికొచ్చేది లంగరు రాయొక్కటే, అది మునుగుతుంది కాబట్టే పడవ నిలబడుతుంది, దేవుడు అలాంటి రాయి అని చెప్పకూడదా అంది. ఆ తర్వాత చాలా చోట్ల నేను అలాగే చెప్పాను.

కొడుకు పాతికేళ్ళవాడయ్యాడు. ఫైబరు పడవ మీద మరో ఇద్దరు కుర్రాళ్ళతో కలిసి వేటకు వెళ్ళేవాడు. సంబంధం కుదిరింది. పెళ్ళికి ఏపాటి రాయి తెస్తావమ్మా అని వాడు నా ఎదుటే అడిగాడు. కొండ తెస్తాను, మోయడానికి నువ్వు రా అంది.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒకనాడు సముద్రం ఉన్నట్టుండి తిరగబడింది. వేటకు వెళ్ళిన పడవలన్నీ తిరిగొచ్చాయి, ఒక్కటి తప్ప. ఫోను పలకలేదు. గాలి తగ్గాక ఊరి పడవలు వెళ్ళి వెతికాయి. మందిరంలో ఉపవాస కూడిక పెట్టారు. నేనూ వెళ్ళాను. ముగ్గురు కుర్రాళ్ళ తల్లులూ ముందు వరసలో చాప మీద కూర్చున్నారు.

వాక్యం చెప్పడానికి బయటి నుంచి ఒకాయన వచ్చారు. మంచి ప్రార్థనాపరుడే. పొందాక స్తోత్రం చెప్పడం అందరూ చేసేదే, పొందకముందే పొందామని నమ్మి స్తోత్రం చెప్పడమే విశ్వాసం అన్నారు. మా సంఘాల్లో ఇది కొత్త మాట కాదు. ఉద్యోగం రాకముందే వచ్చినట్టు, రోగం తగ్గకముందే తగ్గినట్టు కృతజ్ఞత చెప్పడం మేమంతా చేస్తాం. అయితే ఆవేళ ఆ మాట వినగానే ఆడవాళ్ళ చూపులన్నీ ఆమె మీదికి తిరిగాయి. నీ రాయి పెట్టు అప్పా, ముందే పెట్టు, మా అందరి విశ్వాసమూ దాని మీద ఉంచుతాం అన్నారు. మిగతా ఇద్దరు తల్లులూ ఆమె చేతులు పట్టుకున్నారు.

 జరగందానికి నేనెప్పుడూ రాయి పెట్టలేదే అని మాత్రం అంది ఆమె.

"జరిగిపోయిందనుకోవడమే గదా అప్పా విశ్వాసమంటే" అంది ఒకామె.

ఆమె లేచి వెళ్ళింది. బస్సులు సరిగా నడవడం లేదు. ఎలా వెళ్ళిందో, ఎక్కడి నుంచి తెచ్చిందో నాకు తెలియదు. మరునాడు కూడిక జరుగుతుండగా తల మీద రాయితో వచ్చింది. తడిసి ముద్దయి ఉంది. రాయి చిన్నదేమీ కాదు. కుప్ప దగ్గర దాన్ని దించి, నిలబెట్టి, చెయ్యి వేసి, అందరికీ వినపడేట్టు చెప్పింది. "నా కొడుకుని సముద్రం కాడ్నించి తెచ్చీసినావు. దానికి ఈ రాయి." అందరం పాడాం. అంత గట్టిగా పాడటం ఆ మందిరంలో నేనెన్నడూ వినలేదు.

తరువాతి రోజు గోపాల్‌పూర్ ఒడ్డుకు ఇద్దరు వచ్చారు. ఖాళీ డబ్బాలు పట్టుకుని తేలుతూ ఉంటే వేరే పడవవాళ్ళకు కనపడ్డారట. మూడోవాడు ఆమె కొడుకు. అతను కూడా వాళ్ళతోనే డబ్బా పట్టుకుని ఉన్నాడు. ఒక రాత్రి తెల్లవారేసరికి లేడు.

ఆ కుర్రాళ్ళను చూడటానికి ఆమె గోపాల్‌పూర్ ఆసుపత్రికి వెళితే నేను తోడు వెళ్ళాను. ఒక కుర్రాడు మంచం మీద లేచి కూర్చుని ఏడుస్తూ జరిగింది చెప్పాడు. ఆమె ఒక్కటే అడిగింది.

"ఆకలన్నాడా బాబూ?"

వాడు తల దించుకున్నాడు. "అన్నాడు పిన్నీ" అని చెప్పాడు. ఆమె వాడి తల నిమిరి, వాళ్ళమ్మ తెచ్చిన గంజి తనే చేత్తో పట్టుకుని తాగించి వచ్చింది. రొట్టె, రాయి అన్న ఆ వాక్యం ఆ తర్వాత నేను ఆమె ఎదుట ఎన్నడూ చదవలేదు.

శవం దొరకలేదు. అలా కొన్నాళ్ళు చూసి మందిరంలో ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారు ఆశీర్వాదం చెప్పగానే ఆమె లేచి బయటికి నడిచింది. గోడ పక్కకు వెళ్ళి, తను పెట్టిన కొత్త రాయి మీద వంగింది. తీయబోతోందని అర్థమై పాస్టరుగారు చెప్పులు లేకుండానే పరుగున వచ్చారు. వెనకే మేమంతా.

"ఉండనియ్యండమ్మా" అన్నారాయన. "ఇద్దరు తిరిగొచ్చారు కదా. ఆ రాయి వాళ్ళ కోసం అనుకుందాం. దేవుడు ఏమీ చెయ్యలేదని కాదు కదా."

"ఆళ్ళ రాయి ఆళ్ళమ్మలు ఎట్టుకుంటారు అయ్యగారూ. ఇది నాను సెప్పి ఎట్టినాను. ఏటని సెప్పినాను? మీరూ ఇన్నారు."

 సంఘ పెద్దల్లో ఒకాయన ముందుకొచ్చి, దేవుని ఎదుట పెట్టినదాన్ని వెనక్కి తీసుకోకూడదని, అది విశ్వాసాన్ని వెనక్కి తీసుకోవడమేనని, చూసేవాళ్ళకు అది ఆటంకమవుతుందని మెల్లగానే చెప్పాడు. ఆయన చెప్పినదీ వాక్యంలో ఉన్నదే. మేం బలహీనులం అప్పా, నువ్వే ఇలా చేస్తే మేమేమయిపోతాం అని ఒకామె ఏడ్చింది.

"మరైతే దేవుడి గుమ్మంలో నా సేత అబద్దం సెప్పిస్తారేటి?" అంది ఆమె. గొంతు పెంచలేదు. "కొడుకుని తెచ్చినావని సెప్తంది ఈ రాయి. తేనేదు. ఎండలో వానలో ఇక్కడ కూకోని అదే మాట సెప్తా ఉంటాది. నానెలగ ఊరుకుంటాను?"

విసిగిపోయిన ఒకాయన వెనక నుంచి, అయితే అన్నీ తీసేయ్, నీ రాళ్ళన్నీ పట్టుకుపో అన్నాడు.

ఆమె ఆ కుప్పంతా ఒకసారి చూసింది. మొగుడి రాయి, మేక రాయి, పిల్లలు కూర్చునే పెద్ద బండ.

"అవి నిజమే గదా బాబూ" అంది. "ఆటిని ముట్టను."

ఆ ఒక్క రాయి ఎత్తి తల మీద పెట్టుకుని ఇసుకలో నడుచుకుంటూ వెళ్ళిపోయింది. సాయం పట్టడానికి ఎవరం కదల్లేదు. ఆమె మమ్మల్ని అడగలేదు కూడా.

ఆ తర్వాత కూడా ఆదివారాలు వచ్చేది. గుమ్మం పక్కన కూర్చునేది. కానుక వేసేది, పాటలప్పుడు పెదవులు కదిలేవి. సాక్ష్యాల సమయంలో లేచేది కాదు. బరంపురం రావడం తగ్గించింది. వచ్చినా ఖాళీ గంపతో తిరిగి వెళ్ళేది. కండక్టరు ఇప్పుడు ఏమీ అడగడం లేదని ఒకసారి తనే చెప్పింది.

ఆ రాయిని సమాధుల తోటలో కొడుకు పేర పెట్టుకోనివ్వమని కమిటీని అడిగింది. పాతిపెట్టిన మనిషి లేకుండా సమాధి రాయి పెట్టే ఆచారం లేదన్నారు. అక్కడ స్థలమూ తక్కువే. పైగా దేవుడు తలిస్తే ఏనాటికైనా తిరిగి రావచ్చు, ఇప్పుడే రాయి పెడితే ఎలా అని ఒకరన్నారు. ఓదార్పుగానే అన్నారు. ఆమె ఇంకేమీ అడగలేదు.

ఆ ఏటి సమాధుల పండుగకు నేను వెళ్ళాను. అందరూ సున్నాలు వేసి, బంతిపూలు కట్టి, కొవ్వొత్తులు వెలిగించుకుంటున్నారు. ఆమె మొగుడి సమాధి మీద ఒక కొవ్వొత్తి పెట్టింది. రెండోది వెలిగించి చేత్తో పట్టుకుని నిలబడింది. సమాధుల మధ్య అటూ ఇటూ కొంచెం నడిచింది. పెట్టడానికి చోటు లేదు. పక్క కుటుంబంవాళ్ళు జరిగి, మా నాన్న పక్కన పెట్టుకో అప్పా అన్నారు. వద్దని తల ఊపింది. మైనం వేళ్ళ మీద కారుతున్నా దించలేదు. సముద్రపు గాలికి అది ఆరిపోయింది. మళ్ళీ వెలిగించలేదు.

నేను నమ్ముతాను. చిన్ననాటి నుంచి ఈ బండ మీదే నిలబడ్డాను, ఇప్పుడూ దిగలేదు. మోషే దేవుణ్ణి చూడాలని అడిగితే బండ సందులో నిలబెట్టి, తాను దాటిపోయేదాకా చెయ్యి అడ్డం పెట్టాడు. మనిషికి కనపడేది ఆయన వెనుక వైపే. ఆమె సంగతిలో వెనుక వైపు కూడా నాకు కనపడలేదు. ఎన్నో రాత్రులు మోకాళ్ళ మీద అడిగాను. జవాబు వచ్చిందని చెబితే అది కూడా అబద్ధపు రాయే అవుతుంది.

పోయిన ఏటి వానల్లో జ్వరం వచ్చి ఆమె పోయింది. ఆ ఇంట్లోకి వేరేవాళ్ళు వచ్చారు. ఆ రాయి ఏమైందో తెలియదు.

నేను ఆమెతో చివరిసారి మాట్లాడింది ఆ ఏడే, ఈస్టరు వెళ్ళిన మర్నాడు. పండుగనాడు మందిరంలో కనపడలేదని ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు ఆ రాయి మీద కూర్చుని కత్తిపీటతో చేప పొలుసు తీస్తోంది. నాకు పీట వేసింది. రాలేదేమప్పా అంటే, ఒంట్లో బాగాలేదంది. అక్కడ చెప్పిన వాక్యం ఇక్కడ చెప్పనా అన్నాను. చెప్పమంది.

సమాధికి బయలుదేరిన స్త్రీల గురించి చెప్పాను. ఆ పెద్ద రాయి ఎవరు దొర్లిస్తారని దారంతా దిగులుపడ్డారని, వెళ్ళేసరికే అది దొర్లించి ఉందని చెప్పాను. నీకు అడ్డంగా ఉన్న రాయి కూడా ఆయనే తీస్తాడు అప్పా అన్నాను. నేను ఎన్నో ఇళ్ళలో చెప్పిన మాటే అది.

ఆమె చేతులు ఆగలేదు. అంతా విన్నాక అంది.

"ఆళ్ళు అదృష్టవంతులు టీచరమ్మా. ఎల్లడానికి సమాధుంది. దొర్లించడానికి రాయుంది. లోపట ఉన్నాడో నేడో తొంగి సూసినారు. నానెక్కడ సూడను?"

సముద్రం కూడా ఒకనాడు తనలో ఉన్న చనిపోయినవాళ్ళను అప్పగిస్తుందని రాసి ఉంది అప్పా అన్నాను.

"రాసుందేటి?"

"ఉంది."

తల ఎత్తి, ఇళ్ళ సందులోంచి కనపడుతున్న నీళ్ళ వైపు చూసింది.

"అయితే మరి నానడగను. రాసుంటే ఆయనే ఇస్తాడు. అడిగి సూసినాను గదా."

ప్రార్థన చేసుకుందామా అన్నాను. చెయ్యండి అని, చేతులు కడుక్కుని, కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. నేను ప్రార్థించాను. ఆమె కొడుకు పేరు ఎత్తి ప్రార్థించాను, ఆమెకు ఆదరణ అడిగాను, పునరుత్థానపు ఆశ అడిగాను. ముగించి ఆమె కోసం ఆగాను. కళ్ళు తెరిచి చూస్తే ఆమె నావైపే చూస్తోంది, దయగా, నేనేదో బరువు ఎత్తలేక అవస్థ పడుతున్నట్టు.

ఆమేన్ నేనొక్కదాన్నే అన్నాను. ఆమె కొంగు దించి కత్తిపీట దగ్గరికి లాక్కుంది.